గ్రైండరు ఎగిరి పడింది... ఇప్పుడు ఏ మెషిన్ కొనాలి?

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై రెండు, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఉండేది అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, వంటింటి వెనక పది అడుగుల బాల్కనీ. ఎనిమిదో తరగతి చదివే కూతురికి ఒక పుస్తకాల ర్యాకు, తర్వాత చదువుకునే బల్ల, గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు. ఈ మూడూ తన చేత్తోనే చేయాలని కోరిక. అందుకని దాచుకున్న డబ్బు 25,000 రూపాయలు.

పెళ్లిరోజుకి భర్త నాలుగు అంగుళాల యాంగిల్ గ్రైండరు (ఇనుము కోసే చేతి మెషిన్) కొనిచ్చారు. షాపులోనే దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి ఇచ్చారు. "48 వోల్టులు" అని రాసి ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్లు ఒకటి ఆన్‌లైన్‌లో 3,999కి వచ్చింది. మొదటి ఆదివారమే రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క పెట్టి మధ్యలో కోస్తుంటే గ్రైండరు ఎగిరి చేతిలోంచి జారిపోయింది. కింద పడ్డాక కూడా తిరుగుతూనే ఉంటే ప్లగ్గు పీకేశారు. మనిషికి ఏమీ కాలేదు, టైలు మీద మాత్రం జానెడు గీత. దాని మీదకి మనీప్లాంట్ కుండీ జరిపారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక సలహాలు. మరిది ఇంటీరియర్ కాంట్రాక్టరు: "వదినా, అరవై వేలు పెట్టి ఒకేసారి మంచి సెట్టు తీసుకో, నేను డిస్కౌంట్‌లో ఇప్పిస్తా." ఇంటికొచ్చే కార్పెంటరు: "మార్బుల్ కట్టర్ చాలు మేడం, ఇరవై ఏళ్ల నుంచి మా చేతిలో అదే." భర్త: "సర్క్యులర్ సా తెచ్చి బల్ల కింద తలకిందులుగా బిగిద్దాం, టేబుల్ సా అయిపోతుంది." (గుండ్రని బ్లేడుతో చెక్క కోసే చేతి మెషిన్ సర్క్యులర్ సా; బ్లేడు బల్లలోంచి పైకి వచ్చి ఉండేది టేబుల్ సా.) కింది ఫ్లాటువాళ్లు శబ్దం గురించి అప్పుడే వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. "ఎవరి మాట వినాలి? మెషిన్ ప్లగ్గు పెట్టాలంటేనే చెయ్యి వణుకుతోంది. ఈ పని నాకు చేతనవుతుందా?" అని అడుగుతున్నారు. గ్రైండరు ఫొటో కూడా పంపారు.

ముందు ఆ ఆదివారం దగ్గర మొదలుపెడదామండీ. ఆ రోజు ఏం జరిగిందో తెలిస్తే ఏం కొనాలో సగం తెలిసినట్టే.

మీ ముక్క రెండు చివర్లా స్టూళ్ల మీద ఆనింది, కోత మధ్యలో పడింది. కోత సాగేకొద్దీ రెండు సగాలూ మధ్యలో కిందికి వంగుతాయి. వంగేసరికి కోత పైభాగం మూసుకుని బ్లేడుని పట్టకారులా నొక్కేస్తుంది. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతున్న బ్లేడు అది. దానికి దారి లేకపోతే మెషినే వెనక్కి తన్నుకొస్తుంది. కిక్‌బ్యాక్ అంటే ఇదే. ఏడు వేలు పోసి కొన్న సర్క్యులర్ సా అయినా ఆ స్టూళ్ల మీద తన్నే తీరుతుంది. కాకపోతే దానికి చెక్క మీద ఆనే వెడల్పాటి బేస్ ప్లేటు ఉంటుంది, ట్రిగ్గర్ వదలగానే కరెంటు తెగుతుంది, స్ప్రింగు గార్డు వెంటనే బ్లేడుని కప్పేస్తుంది. మీ గ్రైండరుకి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పక్కకి జరిపే స్విచ్చు కాబట్టి చేతిలోంచి జారినా ఆగలేదు.

ఫొటోలో గార్డే లేదు, గమనించారా? నాలుగు అంగుళాల గ్రైండరుకి సరిపోయేది 100 ఎంఎం డిస్కు, దాని మధ్య రంధ్రం 16 ఎంఎం. బజారులో దొరికే "నాలుగు అంగుళాల" చెక్క బ్లేడు నిజానికి మార్బుల్ కట్టర్ కోసం చేసినది. అది 110 ఎంఎం, రంధ్రం 20. రింగు వేసి బిగించేస్తారు, కానీ గార్డులో పట్టదు కనుక గార్డు విప్పేస్తారు. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. ఆ బ్లేడు ఇవాళే విప్పేయండి. గ్రైండరు మాత్రం దండగ కాదు. గార్డు తిరిగి బిగించి, దానికి తగిన డిస్కుతో ఇనుప చువ్వలు కోయడానికి ఉంచుకోండి. పెళ్లిరోజు కానుక పారేశారన్న మాటా రాదు.

చెయ్యి వణుకుతోందంటే ఆశ్చర్యం లేదు, వణక్కపోతేనే అనుమానించాలి. తప్పు మెషిన్, తప్పు ఆధారం, రెండూ కలిశాయి. కింద ఆధారం సరిగా ఉండి, మెషిన్ ఆ పనికోసమే చేసినదైతే మొదటి నాలుగు కోతల్లోనే తేడా మీ చేతికే తెలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: కుండీ పక్కకి జరిపి ఆ గీత మీ వారికి చూపించండి. ఆయన బుర్రలో ఇప్పుడు తలకిందుల టేబుల్ సా తిరుగుతోంది. ఆ గీత చూడకుండా ఆయన ఆ ఆలోచన మానరు.

ఆ టేబుల్ సా సంగతీ ఇక్కడే తేల్చేస్తాను. చేతితో నడిపే సర్క్యులర్ సాని తలకిందులుగా బిగించాలంటే దాని గార్డుని తెరిచి కట్టేయాలి, ట్రిగ్గర్‌ని నొక్కి ఉంచేలా తాడో టేపో చుట్టాలి. అంటే ఆ మెషిన్‌కి ఉన్న రెండు రక్షణలూ మన చేత్తోనే తీసేస్తాం. అసలైన టేబుల్ సాలో బ్లేడు వెనక నిలబడి కోతని మూసుకోనివ్వని సన్నని రేకు ఒకటి ఉంటుంది, రివింగ్ నైఫ్ అంటారు. ఇందులో అదీ ఉండదు. చెక్క నొక్కుకుంటే ఈసారి ఎగిరేది మెషిన్ కాదు, చెక్క. అదీ నేరుగా మీ పొట్ట మీదకి. వద్దు.

మిగతా ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఎవరి పనిని బట్టి వాళ్లు చెప్పారు. కార్పెంటరు బండి మీద సైటు నుంచి సైటుకి తిరుగుతాడు. మూడు కిలోల కట్టర్ ఒకటి సంచిలో వేసుకుంటే టైలుకి టైలు, ప్లైకి ప్లై. 30 ఎంఎం పైచిలుకు లోతు కోస్తుంది కనుక 18 ఎంఎం ప్లైకి లోటు లేదు. కానీ అది రాయి కోసే మెషిన్. నిమిషానికి 12,000 – 13,000 చుట్లు, ఎత్తగానే మూసుకునే కింది గార్డు లేదు, కోత అయిపోయి పైకి తీశాక కూడా బ్లేడు బోసిగా తిరుగుతుంటుంది. ఆయన ఇరవై ఏళ్ల అలవాటుతో దాన్ని అదుపు చేస్తున్నాడు. ఆ అలవాటు కట్టర్‌తో పాటు డబ్బాలో రాదు.

మరిదిగారి లెక్క వేరు. ఆయనకు సైట్లలో చాలాచోట్ల కరెంటు ఉండదు, నలుగురు పనివాళ్లు ఒకే బ్యాటరీలు మార్చుకుంటూ వాడతారు. అందుకే 18 వోల్టుల బ్యాటరీ సెట్టు. పైగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరైతే మెషిన్ల మీద కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిరిగి చూసుకుంటాడు. మీకు ఆ వెసులుబాటు లేదు, బాల్కనీలో ప్లగ్ పాయింటు మాత్రం ఉంది. ఏడాదికి నాలుగు షీట్లు కోసే ఇంటికి వైరున్న మెషినే లాభం. మూడేళ్లు మూల పడున్నా పనిచేస్తుంది, బ్యాటరీ అలా ఉండదు. ఆయన్ని డిస్కౌంటు కాకుండా ఇంకోటి అడగండి: ఒక ఆదివారం వచ్చి మీ పక్కన నిలబడమనండి.

ఇప్పుడు మీ ర్యాకు. మెషిన్ కొనేముందు కోతల లెక్క వేయాలి. ఎత్తు 1800, వెడల్పు 750, లోతు 280 ఎంఎం అనుకుందాం. 8×4 షీటు అంటే 2440×1220. బ్లేడు ప్రతి కోతకీ రెండు మూడు ఎంఎం తినేస్తుంది, మూడు అనే వేసుకోండి. నిలువుగా 280 చొప్పున నాలుగు పట్టీలు తీస్తే 1132 పోయి 88 ఎంఎం పట్టీ మిగులుతుంది. రెండు పట్టీల నుంచి 1800 పొడవున పక్క పలకలు రెండు. మిగతా రెండింటి నుంచి అరలు. అర పొడవు 750లోంచి రెండు పక్కల మందం తీసేయగా 714. ఒక్కో పట్టీకి మూడు వస్తాయి, మొత్తం ఆరు: పైది, కిందది, మధ్యలో నాలుగు. అరకీ అరకీ మధ్య 338 ఎంఎం ఖాళీ, ఏ4 ఫైళ్లు నిలువుగా పడతాయి. ఒక్క షీటులో ర్యాకు అయిపోయింది, ఇంకా 637 ఎంఎం ముక్కలు రెండు మిగిలాయి. చెప్పుల స్టాండుకి పనికొస్తాయి.

లెక్కలో ఒక మెలిక ఉంది. 18 ఎంఎం అని అమ్మే ప్లై చాలాసార్లు 17కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. షీటు చేతికొచ్చాక మందం కొలిచి, ఆ తర్వాతే అర పొడవు తేల్చండి. ఇంకో సంగతి, 714ని మించి పెంచకండి. మీటరు పొడవున పేర్చిన పుస్తకాలు పాతిక ముప్ఫై కిలోలుంటాయి. మీటరు అర అయితే ఏడాదిలో నడుము వంగుతుంది. మిగిలిన 88 పట్టీని రెండుగా చీల్చి బరువుండే రెండు అరల ముందు అంచు కింద నిలువుగా అంటిస్తే ఆ భయమూ ఉండదు.

ఇలా చూస్తే, ఆ 88 పట్టీ కాక, మొత్తం కోతలు పన్నెండు. ఎనిమిది అడుగుల నిలువు కోతలు నాలుగు, జానెడున్నర అడ్డ కోతలు ఎనిమిది. భయపెట్టేవి ఆ నాలుగే. షీటు 35 కిలోల దాకా తూగుతుంది, చాలా అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో పట్టదు, పది అడుగుల బాల్కనీలో దాన్ని తిప్పడమే కుస్తీ. కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, పన్నెండు కోతలూ ప్లైవుడ్ షాపులోనే చేయించుకోవడం. అప్పుడు మీకు కోసే మెషినే అక్కర్లేదు. శబ్దం లేదు, కింది ఇంటివాళ్లతో తగువు లేదు. కానీ షాపులో "కోసిస్తారా" అని కాదు, "దేంతో కోస్తారు" అని అడగండి. జారే బల్ల ఉన్న ప్యానెల్ సా ఉంటే కోత గీత గీసినట్టు, గునియా (లంబకోణం చూసే మూలమట్టం) పెట్టినట్టు వస్తుంది. షాపు ముందు ఫుట్‌పాత్ మీద షీటు పరిచి కుర్రాడు మార్బుల్ కట్టర్‌తో కోస్తానంటే ఆ పని మీ ఇంట్లోనే నయం. ప్యానెల్ సా ఉన్నచోట జాబ్‌వర్క్ కింద అడుగుకో కోతకో ఇంత అని తీసుకుంటారు, ఎడ్జ్ బ్యాండ్ (ప్లై అంచుకి అంటించే పట్టీ) కూడా అక్కడే వేయించుకోవచ్చు. లోటు ఏమిటంటే, మీ కాగితం మీద ఒక అంకె తప్పితే ముక్కలన్నీ తప్పుతాయి, ఇంటికొచ్చాక సరిదిద్దుకునే సాధనం మీ దగ్గర ఉండదు. ఆరు అరలూ ఒకే సెట్టింగు మీద కోయమని గట్టిగా చెప్పండి. ఆరూ ఒక ఎంఎం పొట్టిగా వచ్చినా ర్యాకు నిలబడుతుంది. ఆరూ ఆరు రకాలుగా వస్తే నిలబడదు.

రెండోది, నాలుగు నిలువు కోతలు షాపులో, ఎనిమిది అడ్డ కోతలు ఇంట్లో. నన్నడిగితే మీకు నప్పేది ఇదే. పట్టీలు మెట్ల మీదుగా ఇద్దరు మోసుకురావచ్చు, ఒక్కో కోతా 28 సెంటీమీటర్లే, పని నేర్చుకున్న తృప్తీ దక్కుతుంది. దీనికి ఏడు అంగుళాల సర్క్యులర్ సా, 185 ఎంఎం బ్లేడు, 1,200 వాట్ల పైన, నిమిషానికి 5,000 చుట్ల చిల్లర. ఆరేడు వేల నుంచి దొరుకుతుంది. డబ్బాలో వచ్చే బ్లేడు సాధారణంగా 24 పళ్లది, ప్లై అంచుని కొరికినట్టు చేస్తుంది. 40 పళ్ల కార్బైడ్ బ్లేడు విడిగా కొనండి, వెయ్యి లోపలా పైనా ఉంటుంది. మధ్య రంధ్రం 20, 25.4, 30 ఎంఎంలలో ఏదైనా కావచ్చు, కనుక మెషిన్ పెట్టి చూసుకునే కొనాలి. మంచి మెషిన్‌కి నాసి బ్లేడు కన్నా మామూలు మెషిన్‌కి మంచి బ్లేడు మేలు.

మూడోది జిగ్‌సా, నాలుగు వేల ప్రాంతంలో వస్తుంది. తన్నదు, శబ్దం తక్కువ, చేతికి ధైర్యం వస్తుంది. సన్నని బ్లేడు కిందికీ పైకీ ఆడుతుంది కనుక వంపులకి బాగుంటుంది, తిన్నని కోతలో మాత్రం అడుగు భాగం పక్కకి వాలుతుంది. అర చివర వాలితే అతుకు దగ్గర సందు కనిపిస్తుంది. చెప్పుల స్టాండుకి పర్వాలేదు, ర్యాకుకి ఆ సందుని పుట్టీతో పూడ్చుకోవాల్సి వస్తుంది. సర్క్యులర్ సా చూస్తేనే గుండె దడ అనుకుంటే దీనితో మొదలుపెట్టడంలో తప్పులేదు. టీ-101బీ బ్లేడు అడగండి, నున్నగా కోస్తుంది. పైన కనిపించే ముఖం పొర లేవకూడదంటే పళ్లు కిందికి తిరిగి ఉండే టీ-101బీఆర్.

రెండో దారిలో వెళ్తే, మెషిన్‌తో పాటు ఒక గైడు మీరే చేసుకోవాలి. ఏ కంపెనీ మెషినైనా చేత్తో తిన్నగా పోదు, తిన్నగా నడిపించేది గైడే. 6 ఎంఎం ప్లై ముక్క, 600 పొడవు, 300 వెడల్పు తీసుకోండి. దాని మీద ఎడమ వైపుగా 12 ఎంఎం ప్లై పట్టీ, 75 వెడల్పు, షాపు నుంచి వచ్చిన తిన్నని అంచు కుడివైపుకి ఉండేలా ఫెవికాల్ రాసి, కింది నుంచి చిన్న స్క్రూలు వేయండి. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు మెషిన్ బేస్ ప్లేటుని ఆ పట్టీకి ఆనించి ఒక్కసారి తోస్తే, 6 ఎంఎం ప్లైలో ఎక్కువైన భాగం తెగిపోతుంది. ఆ తెగిన అంచే ఇకపై మీ కోత గీత. పెన్సిల్ గీత మీద ఆ అంచు పెట్టి రెండు చివర్లా క్లాంపు బిగిస్తే బ్లేడు సరిగ్గా అక్కడే దిగుతుంది. మోటారు పట్టీకి గాని క్లాంపుకి గాని తగలడం లేదని స్విచ్చు వేయకముందే ఒకసారి ఉత్తినే నడిపి చూసుకోండి. బ్లేడు మార్చి మందం మారితే ఆ గైడు పనికిరాదు, ఇంకోటి చేసుకోవాలి. దానికి పట్టేది అరగంటే.

ఆధారం సంగతి. స్టూళ్లు వద్దు. నేల మీద రెండు అంగుళాల థర్మాకోల్ షీటు పరిచి, దాని మీద పట్టీ మొత్తం ఆనేలా పెట్టి మోకాళ్ల మీద కూర్చుని కోయండి. బ్లేడు లోతు ప్లై మందం, గైడు మందం కలిపి మరో 4 ఎంఎం, అంతకు మించొద్దు. థర్మాకోల్‌లో సన్నని గాడి పడుతుంది తప్ప ముక్క వంగదు, కోత మూసుకోదు. మీ టైలు మీద గీత పడేదే కాదు, ఇలా చేసుంటే. ఈ మెషిన్‌లో పళ్లు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి అందంగా కనిపించాల్సిన ముఖం కింది వైపుకి పెట్టండి. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కలోకి దించండి. మధ్యలో ఇరుక్కున్నట్టనిపిస్తే ట్రిగ్గర్ వదిలి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా కదపకండి. తిరుగుతుండగా వెనక్కి లాగితే తన్నుతుంది. మెషిన్ వెనక తిన్నగా కాకుండా కాస్త పక్కకి ఉండండి, పాప గదిలోనే ఉంటే మంచిది. చున్నీ తీసేయండి, జడ ముడి వేయండి, గాజులు తీసి పక్కన పెట్టండి. గ్లోవ్స్ మాత్రం తొడగొద్దు. తిరిగే బ్లేడుకి గ్లోవు అంచు చిక్కితే వేళ్లనీ లోపలికి లాగేస్తుంది.

డ్రిల్లు కొత్తది ఇప్పుడే కొనకండి. మీ "48 వోల్టుల" డ్రిల్లు ఛార్జరు మీద చిన్నక్షరాల్లో అవుట్‌పుట్ ఎంతుందో చూడండి. 21 అని ఉంటే లోపల వరుసలో ఉన్నవి అయిదు లిథియం సెల్లులే. నిండా ఛార్జయితే ఒక్కోటి 4.2 వోల్టులు, అయిదింటికి 21. మామూలుగా 3.6 చొప్పున 18. ఒకరు 18 అంటారు, ఒకరు 20 అంటారు, ఇంకొకరు 21 అంటారు, వస్తువు ఒకటే. నిజంగా 48 కావాలంటే పదమూడు సెల్లులుండాలి. సెల్లు 45 గ్రాముల చొప్పున డొప్ప కాకుండానే దాదాపు 600 గ్రాములు. బ్యాటరీని వంటింటి తూకంలో పెట్టి చూడండి, లెక్కల క్లాసులో చెప్పుకోవడానికీ పనికొస్తుంది. ఆ అంకె బడాయే అయినా ప్లైలో స్క్రూలు బిగించడానికి ఆ డ్రిల్లు చాలు. ర్యాకుకి అతుకుకి మూడు చొప్పున 36 స్క్రూలు, 4×50 చిప్‌బోర్డు స్క్రూలు. పక్క పలకలో 4 ఎంఎం రంధ్రం, అర చివర 2.5 లేదా 3 ఎంఎం రంధ్రం ముందే వేయాలి. వేయకపోతే ప్లై అంచు పొరలుగా విచ్చుకుంటుంది. క్లచ్ రింగుని (డ్రిల్లు ముందు భాగంలో అంకెలుండే రింగు) చిన్న అంకె మీద మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. నల్లటి జిప్సం స్క్రూలు చవక గానీ పెళుసు, తల తెగి లోపలే ఉండిపోతాయి.

శాండర్ (గరుకు పేపరుతో రుద్ది నున్నగా చేసే మెషిన్) కొంటే 125 ఎంఎం ఆర్బిటల్, నాలుగైదు వేలు. కొన్నాక చేసే తొందరపాటు ఒకటుంది: 80 నంబరు పేపరుతో మొదలుపెట్టడం. ప్లై పై పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, 80తో నిమిషంలో కింది పొర బయటపడుతుంది. 150తో మొదలుపెట్టి 220తో ఆపండి. ఒక్క ర్యాకే అయితే చెక్కముక్కకి పేపరు చుట్టి చేత్తో రుద్దినా ఒక పూట పని. సన్‌మైకా అంటించేటట్టయితే శాండరే అక్కర్లేదు. అంచులు గుండ్రంగా చేసే ట్రిమ్మర్ కూడా బల్ల మొదలుపెట్టినప్పుడు చూసుకోవచ్చు. అప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ట్రిమ్మర్ బిట్లు 6 ఎంఎం కాడవీ ఉంటాయి, పావు అంగుళం అంటే 6.35 కాడవీ ఉంటాయి. పావు అంగుళం కాలెట్‌లో (బిట్టు కాడని పట్టుకునే బిగింపు) 6 ఎంఎం బిట్టు పెడితే బిగిసినట్టే ఉంటుంది, 30,000 చుట్ల దగ్గర బయటికొస్తుంది.

డబ్బు లెక్క ఇలా వస్తుంది. సర్క్యులర్ సా, బ్లేడు కలిపి ఎనిమిది వేలు. నాలుగు ఎఫ్ క్లాంపులు, గునియా, మంచి కొలత టేపు కలిపి మూడు, మూడున్నర వేలు. కళ్లద్దాలు, చెవులకి మఫ్స్, ఎన్95 మాస్కులు వెయ్యి. శాండర్ కలిపినా 17,000 దగ్గర తేలుతుంది, మోడల్‌ని బట్టి వెయ్యో రెండు వేలో అటూ ఇటూ. మిగిలింది ప్లైకి. ర్యాకుకి ఐఎస్ 303 (మామూలు వాడకపు ప్లైకి భారత ప్రమాణం) ముద్ర ఉన్న కమర్షియల్ ప్లై చాలు. తడి తగిలే చోట పెట్టే చెప్పుల స్టాండుకైతే ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లై.

కొనడానికి సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లండి, ఆదివారం కాకుండా. షాపులో మెషిన్ డబ్బా విప్పించి మూడు పనులు చేయండి. బేస్ ప్లేటుని సున్నా డిగ్రీల దగ్గర బిగించి బ్లేడుకీ ప్లేటుకీ మధ్య గునియా పెట్టి చూడండి, వెలుతురు కనిపిస్తే సరిచేసే స్క్రూ ఎక్కడుందో అడగండి. కింది గార్డుని వేలితో తెరిచి వదలండి, టప్పున మూసుకోవాలి. నెమ్మదిగా మూసుకుంటే ఆ పీసు వద్దు. చివరగా, "దీనికి కార్బన్ బ్రష్‌లు ఇవ్వండి" అని (మోటారులో అరిగిపోయే చిన్న బొగ్గు ముక్కలవి) ఒక జత అక్కడికక్కడే కొనండి. విడిభాగం ఆ షాపులోనే దొరక్కపోతే పేరు ఎంత పెద్దదైనా ఆ మోడల్ వదిలేయండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ దాన్ని బట్టే. క్లాంపులు, గునియాలు ఆదివారం ఎర్రగడ్డ సంతలో సగం ధరకి దొరకొచ్చు. కరెంటుతో నడిచేవి మాత్రం అక్కడ కొనకండి.

ఇంట్లో ప్లగ్గు వాషింగ్ మెషిన్ కోసం ఇచ్చిన 16 ఆంపియర్ల పాయింటుకి పెట్టండి. 1,200 వాట్ల మెషిన్ నడిచేటప్పుడు అయిదు ఆంపియర్ల పైన తీసుకుంటుంది, స్టార్టయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. చిన్న పాయింట్లు చాలా ఇళ్లలో ఇన్వర్టరు లైను మీద ఉంటాయి, దాని జోలికి పోవద్దు. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 1.5 చదరపు ఎంఎం వైరుది, చుట్ట పూర్తిగా విప్పి.

కింది ఇంటివాళ్ల విషయంలో, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. సర్క్యులర్ సా పక్కన నిలబడితే 100 దాకా ఉంటుంది. రూలు పట్టుకుని వాదిస్తే మీరే ఓడతారు. కానీ ఎనిమిది అడ్డ కోతలకి మోటారు నిజంగా తిరిగేది అయిదారు నిమిషాలే. "శనివారం పదకొండు నుంచి పన్నెండు మధ్య కాస్త శబ్దం ఉంటుంది" అని ముందురోజే గ్రూపులో పెట్టండి, పరీక్షల రోజులు వదిలేయండి. వాళ్లకి శబ్దం కన్నా పొట్టు మీద కోపం ఎక్కువ ఉండొచ్చు. బాల్కనీ గ్రిల్లుకి తడిపిన పాత దుప్పటి కట్టండి, కింద ఆరేసిన బట్టల మీద పడకుండా ఉంటుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది, కాబట్టి మాస్కు ఊడ్చేటప్పుడు కూడా ఉంచుకోండి. పొడి చీపురు కాదు, తడిగుడ్డ.

ర్యాకు బిగించాక వెనక 6 ఎంఎం ప్లై కొట్టేముందు మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండు అంకెలూ ఒకటైతేనే ర్యాకు మూలలు లంబకోణంలో ఉన్నట్టు. ఆరడుగుల ర్యాకు ఉత్తినే నిలబెట్టకూడదు, పిల్లలున్న ఇల్లు. పై అర కింద ఎల్ ఆకారపు బ్రాకెట్టు పెట్టి గోడకి బిగించాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల గోడలు మొత్తం కాంక్రీటే, మీ బ్యాటరీ డ్రిల్లు దాన్ని గోకుతుంది తప్ప దిగదు. ఆ రెండు రంధ్రాల కోసం హ్యామర్ డ్రిల్లు కొనొద్దు. మరిదిగారు వచ్చే ఆదివారం ఆయన సంచిలో అది తప్పకుండా ఉంటుంది, తెమ్మనండి.